పాడి గేదెల్లో పొదుగువాపు: వాపు ఎందుకు వస్తుంది, మొదటి రోజే ఏం చేయాలి

విస్సన్నపేట మండలంలోనూ తిరువూరు చుట్టుపక్కల మెట్ట గ్రామాల్లోనూ మామిడి, మొక్కజొన్న, పత్తి సాగుతోపాటు ఒకటి రెండు గేదెలు పెట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పంట డబ్బు ఏడాదికోసారి చేతికొస్తుంది. పాల డబ్బు పది, పదిహేను రోజులకోసారి వస్తుంది. ఇంటి ఖర్చు నడిచేది దానిమీదే. అలాంటి ఇంట్లో గేదెకు పొదుగువాపు వచ్చి ఒక చనుకట్టు పోతే, ఆ ఈతకే కాదు, చాలాసార్లు ఆ గేదె జీవితాంతం ఆ చనుకట్టు పాలు రావు. వెనక రెండు చనుకట్ల నుంచే దాదాపు 60 శాతం పాలు వస్తాయి కాబట్టి, వెనక కట్టు పోతే నష్టం ఇంకా ఎక్కువ.

వర్షాకాలం నుంచి చలికాలం మొదటి వరకు మన దగ్గర గేదెలు ఎక్కువగా ఈనుతాయి. అదే సమయంలో కొట్టం బురదగా ఉంటుంది. ఈనిన కొత్తలో పొదుగు నిండుగా, పశువు నీరసంగా ఉంటుంది. ఈ మూడూ కలిసే రోజుల్లోనే పొదుగువాపు ఎక్కువగా కనిపిస్తుంది.

చాలామంది రైతులు వాపునే జబ్బు అనుకుంటారు. వాపు తగ్గితే జబ్బు తగ్గిందని మందు ఆపేస్తారు. లేదా వాపు తగ్గించే ఇంజెక్షన్ ఒక్కటే వేయించి ఊరుకుంటారు. నిజానికి వాపు అనేది పశువు శరీరమే చేసే పని. రక్తంలో ఉండే కొన్ని ప్రోటీన్లు, వాటి నుంచి పుట్టే కినిన్లు అనే పదార్థాలు ఆ పని చేస్తాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే డాక్టరు రెండు రకాల మందులు ఎందుకు రాస్తారో, మధ్యలో ఆపితే ఏం జరుగుతుందో అర్థమవుతుంది.

వాపు లోపల ఏం జరుగుతుంది

పాలు పితికిన తర్వాత చనుకట్టు రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంట నుంచి గంట వరకు కొంత తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో పశువు పేడలోనో బురదలోనో పడుకుంటే సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. పితికే మనిషి చేతుల ద్వారా కూడా ఒక పశువు నుంచి మరో పశువుకు వెళ్తాయి. లోపల పాలు వాటికి మంచి ఆహారం. అవి పెరుగుతూ విషపదార్థాలు వదులుతాయి. పొదుగు లోపలి పొర దెబ్బతింటుంది.

ఇక్కడి నుంచి శరీరం తన పని మొదలుపెడుతుంది.

1. పశువు కాలేయం కినినోజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఇది ఎప్పుడూ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో దానివల్ల వాపు రాదు.

2. రక్తంలోనే ప్రీకల్లిక్రీన్ అనే మరో ప్రోటీన్ నిద్రలో ఉన్నట్టు ఉంటుంది. దెబ్బతిన్న కణజాలం, సూక్ష్మజీవుల పైపొర తగిలినప్పుడు రక్తం గడ్డకట్టే వ్యవస్థలోని 12వ ఫ్యాక్టర్ మేల్కొంటుంది. అది ప్రీకల్లిక్రీన్‌ను కల్లిక్రీన్‌గా మారుస్తుంది.

3. కల్లిక్రీన్ కత్తెర లాంటిది. కినినోజెన్‌ను కత్తిరించి అందులోంచి బ్రాడీకినిన్ అనే చిన్న ముక్కను విడుదల చేస్తుంది. ఆ ముక్కలో ఉండేవి 9 అమైనో ఆమ్లాలు మాత్రమే.

4. ఈ కల్లిక్రీన్ తిరిగి మరింత 12వ ఫ్యాక్టర్‌ను మేల్కొలుపుతుంది. అందుకే ఒకసారి మొదలైతే వేగంగా పెరుగుతుంది. ఉదయం మామూలుగా ఉన్న పొదుగు సాయంత్రానికి గట్టిపడటానికి ఇదొక కారణం.

5. బ్రాడీకినిన్ సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వేడి అందుకే వస్తుంది. నాళాల గోడల్లో సందులు తెరుస్తుంది. రక్తంలోని నీరు, ప్రోటీన్లు బయటికి కారి వాపు వస్తుంది. నొప్పి తెలిపే నరాలను రెచ్చగొడుతుంది. చేయి తగిలితే గేదె తన్నడం అందుకే. పైగా చుట్టుపక్కల కణాల చేత ప్రోస్టాగ్లాండిన్లు అనే మరో రకం పదార్థాలను విడుదల చేయిస్తుంది. అవి నొప్పిని, వాపును, జ్వరాన్ని ఇంకా పెంచుతాయి.

కందిరీగ కుట్టినప్పుడు నిమిషాల్లో మంట, వాపు ఎలా వస్తాయో అందరికీ తెలుసు. కందిరీగల విషంలో కినిన్ జాతి పదార్థాలే ఉంటాయి. పొదుగువాపులో అలాంటి పదార్థాన్ని పశువు శరీరం తానే తయారుచేసుకుంటుంది. పొదుగువాపు వచ్చిన ఆవుల పాలలో బ్రాడీకినిన్ పెరుగుతుందని 1999లో వెలువడిన పరిశోధన చూపించింది.

మరి శరీరం తనకు తానే ఇలా ఎందుకు చేసుకుంటుంది

పొలంలోకి నీరు కావాలంటే తూము తెరవాలి. సూక్ష్మజీవులను చంపే తెల్లరక్తకణాలు రక్తంలో ఉంటాయి. అవి పొదుగులోకి చేరాలంటే రక్తనాళం గోడలో దారి కావాలి. కినిన్లు ఆ తూము తెరుస్తాయి. కాంప్లిమెంట్ అనే మరో ప్రోటీన్ల గుంపు తెల్లకణాలను జబ్బు ఉన్న చోటికి పిలుస్తుంది. హాప్టోగ్లోబిన్, లాక్టోఫెర్రిన్ వంటి ప్రోటీన్లు సూక్ష్మజీవులకు ఇనుము అందకుండా పట్టి ఉంచుతాయి. ఇనుము లేకపోతే చాలా రకాల సూక్ష్మజీవులు పెరగలేవు. అంటే మొదటి గంటల్లో వాపు పశువుకు మేలే చేస్తుంది.

తూము రోజుల తరబడి తెరిచే ఉంటే మాత్రం పొలం ఊటెక్కి పంట కుళ్లిపోతుంది. పొదుగు కూడా అంతే. వాపు ఎక్కువ రోజులు ఉంటే పాలు తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. వాటి స్థానంలో పీచు లాంటి గట్టి కణజాలం పెరుగుతుంది. అది మళ్లీ పాలివ్వదు. చనుకట్టు పైన రాయిలా తగిలే భాగం అదే.

ఇక్కడ రైతు గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. రక్తంలో బ్రాడీకినిన్ ఎక్కువసేపు నిలవదు. పుట్టిన కొన్ని సెకన్లలోనే ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. అలాంటిది వాపు, వేడి, నొప్పి రోజుల తరబడి ఉన్నాయంటే లోపల కొత్త కినిన్లు, వాటి తోటి పదార్థాలు పుడుతూనే ఉన్నాయని అర్థం. అంటే కారణం ఇంకా లోపలే ఉంది. అందుకే వాపును మాత్రమే అణిచి, సూక్ష్మజీవిని వదిలేస్తే జబ్బు తగ్గదు. సూక్ష్మజీవికి మాత్రమే మందు వేసి, వాపును, నొప్పిని పట్టించుకోకపోతే మంచి కణాలు పాడవుతాయి. రెండు పనులూ ఒకేసారి జరగాలి.

పాలలో కనిపించే మార్పులకు కారణాలు

• పాలు ఉప్పగా మారడం: రక్తనాళాల నుంచి సోడియం, క్లోరైడ్ పాలలోకి కారతాయి. పాలలోని లాక్టోజ్ చక్కెర తగ్గుతుంది. ఇలాంటి పచ్చిపాలను రుచి చూసి పరీక్షించవద్దు.

• గడ్డలు, పలుకులు రావడం: రక్తంలోంచి కారిన ఫైబ్రినోజెన్ గడ్డకట్టడం, తెల్లకణాలు కుప్పగా చేరడం వల్ల వస్తాయి.

• పాలు నీళ్లలా, పసుపురంగులో రావడం: పాల తయారీ తగ్గి, రక్తంలోని పసుపు ద్రవం కారడం వల్ల ఇలా అవుతుంది. తీవ్రమైన జబ్బుకు ఇది గుర్తు.

• ఎర్రగా రావడం: సన్నని నాళాలు చిట్లి రక్తం కలవడం.

• కేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గడం: లాక్టోజ్, కేసిన్ తగ్గుతాయి కాబట్టి వెన్నలేని ఘనపదార్థాల శాతం పడిపోతుంది, ధర తగ్గుతుంది. మేపు మారకుండానే ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గుతూ వస్తుంటే బయటికి కనిపించని పొదుగువాపు ఉందేమో చూసుకోవాలి.

గేదెలో ముందుగా ఎలా గుర్తించాలి

ఎరుపు, వేడి, వాపు, నొప్పి, పాలు తగ్గడం అనే అయిదూ పొదుగువాపు లక్షణాలు. అయితే గేదె చర్మం నలుపు కాబట్టి ఎరుపు కంటికి తెలియదు. ఎరుపు కనిపించలేదని జబ్బు లేదనుకోకూడదు. చేత్తోనే చూడాలి.

చేతి పరీక్ష: పాలు పితికిన తర్వాత అరచేతి వెనకవైపుతో నాలుగు పొదుగు భాగాలనూ ఒక్కొక్కటిగా తాకాలి. ఒక భాగం మిగతా మూడింటికన్నా వేడిగా, గట్టిగా, పెద్దగా ఉంటే అనుమానించాలి.

నల్లగుడ్డ పరీక్ష: ప్రతి పూటా మొదటి రెండు మూడు ధారలను నల్లని గుడ్డ మీదకో నల్లని పళ్లెంలోకో పితకాలి. పలుకులు, దారాల్లాంటివి ఉంటే వెంటనే కనిపిస్తాయి. ఆ ధారలను నేల మీద మాత్రం పితకవద్దు.

సర్ఫు పరీక్ష: లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి పెట్టుకోవాలి. నాలుగు చనుకట్ల పాలను నాలుగు వేరు వేరు చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా తీసుకోవాలి. ప్రతి గిన్నెలో ఎన్ని పాలున్నాయో అంతే సబ్బునీరు పోసి నిమిషంపాటు గుండ్రంగా తిప్పాలి. పాలు పల్చగా ఉంటే మంచిదే. జిగటగా, జెల్లీలా చిక్కబడితే ఆ చనుకట్టులో పొదుగువాపు ఉందని అనుమానించాలి. సబ్బు తెల్లకణాలను పగలగొడుతుంది. వాటిలోంచి వచ్చిన పదార్థం జిగటగా మారుతుంది. ఎన్ని ఎక్కువ తెల్లకణాలుంటే అంత చిక్కదనం. పరీక్ష చేసిన పాలను పారబోయాలి. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందు రోజుల్లోనూ జబ్బు లేకపోయినా కొంత చిక్కబడవచ్చు.

పైకి వాపు లేకుండా లోపలే ఉండే పొదుగువాపే ఎక్కువ పశువుల్లో ఉంటుంది. దాన్ని పట్టుకునేది ఈ పరీక్షే. పదిహేను రోజులకోసారి చేసుకోవాలి.

ఈనే ముందు వచ్చే వాపు వేరు

చూడి గేదెకు ఈనే ముందు వారం పది రోజుల్లో పొదుగుకు నీరు పట్టడం మామూలే. ముఖ్యంగా మొదటి ఈత పశువుల్లో ఎక్కువ. అది రక్తప్రసరణ పెరగడం వల్ల వచ్చేది. పొదుగు అంతా సమానంగా ఉబ్బుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. నొప్పి, వేడి పెద్దగా ఉండవు. ఈనిన తర్వాత పాలు మామూలుగానే ఉంటాయి. ఒకవైపే ఉబ్బినా, వేడిగా ఉన్నా, పాలలో మార్పు ఉన్నా అది పొదుగువాపే అనుకుని డాక్టరుకు చూపించాలి.

మొదటి రోజు చేయాల్సినవి

1. వెంటనే పశువైద్యశాలకు గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు గానీ చెప్పాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ అందుతుంది.

2. మందు వేయకముందే పాల నమూనా తీయాలి. చనుకట్టు కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, డాక్టరు ఇచ్చిన శుభ్రమైన సీసాలోకి కొన్ని పాలు పితికి మూత పెట్టాలి. ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపాలి. ఏ సూక్ష్మజీవి ఉంది, ఏ యాంటిబయోటిక్ దానిమీద పనిచేస్తుంది అనేది ఈ పరీక్షలో తెలుస్తుంది. యాంటిబయోటిక్ వేశాక తీస్తే ఫలితం సరిగా రాదు.

3. జబ్బు ఉన్న చనుకట్టును చివర పితకాలి. ముందు ఆరోగ్యంగా ఉన్న పశువులు, తర్వాత జబ్బు పశువులోని మంచి చనుకట్లు, ఆఖరున జబ్బు చనుకట్టు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

4. జబ్బు చనుకట్టులోని పాలను డాక్టరు చెప్పినన్ని సార్లు పూర్తిగా తీసేయాలి. పాలతోపాటు సూక్ష్మజీవులు, వాటి విషాలు, వాపు పుట్టించే పదార్థాలు కూడా బయటికి పోతాయి. వేరే పాత్రలోకి పితికి, బ్లీచింగ్ పౌడరు లేదా ఫినాయిల్ కలిపి, కొట్టానికి దూరంగా గుంటలో పోయాలి.

5. వాపు కొత్తగా, వేడిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లు పోయాలి, లేదా గుడ్డలో చుట్టిన ఐస్‌తో కాసేపు అద్దాలి. చల్లదనానికి వెడల్పయిన నాళాలు కుంచించుకుని కారడం తగ్గుతుంది. వాపు పాతబడి గట్టిపడితే డాక్టరు సలహాతో గోరువెచ్చని నీటి కాపడం పెట్టవచ్చు. గట్టిగా మర్దన చేయకూడదు.

రెండు మందులు, రెండు పనులు

యాంటిబయోటిక్: ఇది సూక్ష్మజీవిని చంపుతుంది. ఇంజెక్షన్ రూపంలోనో, చనుకట్టులోకి ఎక్కించే ట్యూబు రూపంలోనో ఇస్తారు. వాపు తగ్గడం రెండో రోజే మొదలు కావచ్చు. అయినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. మధ్యలో ఆపితే మిగిలిన సూక్ష్మజీవులు తిరిగి పెరుగుతాయి. ముఖ్యంగా స్టెఫైలోకాకస్ ఆరియస్ పొదుగు కణజాలం లోపల దాక్కుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ వాపు తెస్తుంది.

నొప్పి, వాపు తగ్గించే మందు: పశువైద్యశాలలో కినిన్‌ను నేరుగా ఆపే మందు వాడరు. మెలాక్సికామ్ వంటి మందులు ఒక మెట్టు కింద పనిచేస్తాయి. కినిన్లు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అవి తగ్గిస్తాయి. దాంతో నొప్పి, జ్వరం తగ్గుతాయి. గేదె మేత తింటుంది, పాలు చేపుతుంది. ఈ మందు సూక్ష్మజీవిని చంపదు. పశువు తేరుకున్నట్టు కనిపించినా జబ్బు పోయినట్టు కాదు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

• డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. దేశంలో రాబందులు దాదాపు కనుమరుగు కావడానికి అదే ప్రధాన కారణం. మనుషుల మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్‌ను పశువుకు వేయించవద్దు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది.

• డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లను సొంతంగా వేయించకూడదు. అవి వాపును త్వరగా అణిచినా పశువు రోగనిరోధక శక్తిని కూడా అణిచేస్తాయి. చూడి చివరి నెలల్లో ఉన్న పశువు ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

• చనుకట్టు రంధ్రంలోకి వేపపుల్ల, చీపురుపుల్ల, కోడి ఈక లాంటివి దూర్చకూడదు. లోపలి పొర చీరుకుపోతుంది. కొత్త గాయమే మళ్లీ కినిన్ల గొలుసును మొదలుపెడుతుంది. కొత్త సూక్ష్మజీవులూ లోపలికి వెళ్తాయి.

ఇంటి వైద్యం ఎంతవరకు

జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి సిఫారసు చేసే సంప్రదాయ వైద్యం ఒకటి ఉంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బాలి. పొదుగును కడిగి, పాలు పూర్తిగా తీసేశాక, ఈ ముద్దలో కొంత తీసుకుని నీళ్లు కలిపి పల్చగా చేసి పొదుగంతా పూయాలి. రోజుకు పలుమార్లు, అయిదు రోజులపాటు పూయాలి. ప్రతి రోజూ కొత్తగా తయారుచేసుకోవాలి. తేలికపాటి వాపులో, బయటికి కనిపించని పొదుగువాపులో దీన్ని వాడవచ్చు. జ్వరం ఉన్నా, పాలు నీళ్లలా వస్తున్నా దీన్నే నమ్ముకుని డాక్టరును పిలవడం ఆలస్యం చేయకూడదు. తిరిగి పితికే ముందు పొదుగును శుభ్రంగా కడగాలి.

గంటలు కూడా ముఖ్యమైన పరిస్థితి

పేడలో ఉండే ఈ.కోలై వంటి సూక్ష్మజీవులు పొదుగులో చేరితే వాటి విషం రక్తంలో కలుస్తుంది. అప్పుడు కినిన్ల గొలుసు పొదుగులోనే కాక శరీరమంతటా మొదలవుతుంది. ఒళ్లంతా రక్తనాళాలు వెడల్పయి, నీరు కారి, రక్తపోటు పడిపోతుంది. ఈ గుర్తులు ఉంటే రాత్రి అయినా ఆగకూడదు.

• పాలు పసుపు నీళ్లలా రావడం
• జ్వరం 103 డిగ్రీలు దాటడం, లేదా చెవులు, కాళ్లు చల్లబడటం
• మేత, నెమరు మానేయడం, పారుకోవడం
• కళ్లు లోతుకు పోవడం, పడుకుని లేవలేకపోవడం
• పొదుగు భాగం లేదా చనుకట్టు చల్లబడి నీలంగా, నల్లగా మారడం

చివరి గుర్తు కణజాలం చచ్చిపోతోందని చెబుతుంది. వేడిగా ఉన్న పొదుగు చల్లబడిందని సంతోషించవద్దు. నొప్పి, గట్టిదనం తగ్గి, పాలు బాగుపడుతూ చల్లబడితేనే నయమవుతున్నట్టు. ఈ దశలో సెలైన్, యాంటిబయోటిక్, నొప్పి మందు వెంటనే పడాలి. స్థానిక డాక్టరు పంపితే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు.

రాకుండా చూసుకోవడం

• పాలు పితికిన వెంటనే ప్రతి చనుకట్టును పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చిన్న కప్పు చాలు. చర్మం పగలకుండా కొద్దిగా గ్లిజరిన్ కలుపుకోవచ్చు. రంధ్రం తెరిచి ఉండే సమయంలో ఇదే కాపలా.

• పితికిన వెంటనే గేదె ముందు మేత వేయాలి. గంటసేపు నిలబడి తింటుంది. ఆ లోపు రంధ్రం మూసుకుంటుంది.

• పితికే ముందు చనుకట్లను శుభ్రమైన నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. ఒక్కో పశువుకు ఒక్కో గుడ్డ. తడి చేత్తో పితకవద్దు.

• నిండు పిడికిలితో పితకాలి. బొటనవేలు మడిచి పితికితే లోపలి పొర నలుగుతుంది. గేదె చనుకట్టు బిగువుగా ఉంటుందని ఎక్కువమంది ఇలా పితుకుతారు. ఆ నలుగుడే వాపుకు మొదటి మెట్టు.

• దూడకు వదిలిన చనుకట్టుకు గాట్లు పడ్డాయేమో చూడాలి. గాయముంటే డాక్టరు చెప్పిన పూతమందు రాయాలి.

• కొట్టంలో నీరు నిలవకుండా వాలు ఉండాలి. వర్షాకాలంలో వారానికి రెండుసార్లు పొడి సున్నం చల్లి, దానిమీద పొడి గడ్డి పరవాలి.

• ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపాలి. ఆఖరుసారి పితికాక ప్రతి చనుకట్టులోకి వట్టిపోయే కాలానికి వాడే ట్యూబు వేయాలా అని డాక్టరును అడగాలి. పాత జబ్బు పోగొట్టడానికి అది మంచి సమయం.

• రోజూ 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం దాణాలో కలపాలి. జింకు, సెలీనియం, విటమిన్ ఇ తక్కువైతే తెల్లకణాలు సరిగా పనిచేయవు.

రైతులు అడిగే ప్రశ్నలు

పొదుగువాపు పాలు కాచి వాడుకోవచ్చా?
వాడకూడదు. స్టెఫైలోకాకస్ వదిలే విషం కాచినా పోదు. యాంటిబయోటిక్ అవశేషాలు కూడా కాచడంవల్ల పూర్తిగా పోవు. దూడకు కూడా పెట్టవద్దు. చికిత్స అయ్యాక మందు మీద రాసిన గడువు లేదా డాక్టరు చెప్పిన గడువు పూర్తయ్యేవరకు నాలుగు చనుకట్ల పాలూ కేంద్రంలో పోయకూడదు. ఒక్క గేదె పాలు కలిసినా క్యాన్ మొత్తం పాడవుతుంది, పెరుగు తోడుకోదు.

జెర్రిపోతు పొదుగు పట్టి పాలు తాగితే వాపు వస్తుందంటారు, నిజమేనా?
కాదు. పాము నోటి నిర్మాణం పాలు పీల్చడానికి పనికిరాదు. జెర్రిపోతు ఎలుకల కోసం కొట్టంలోకి వస్తుంది. పాలు తగ్గినా, రక్తం కనిపించినా పొదుగువాపు పరీక్ష చేయించాలి. పాము మీద నెపం వేసి ఊరుకుంటే చనుకట్టు పోతుంది.

బ్రాడీకినిన్‌ను ఎలా కనిపెట్టారు?
పాము విషం మీద పరిశోధనలోనే. 1949లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు మౌరీసియో రోషా ఇ సిల్వా, విల్సన్ బెరాల్డో, గస్తావో రోజెన్‌ఫెల్డ్ ఈ ఫలితాలను ప్రచురించారు. అక్కడి జరరాకా అనే పాము విషాన్ని రక్తంలోని ప్రోటీన్లతో కలిపినప్పుడు ఈ పదార్థం విడుదల కావడం వారు గమనించారు. తర్వాత అదే పాము విషం మీద జరిగిన పని నుంచే కాప్టోప్రిల్ అనే బీపీ మందు వచ్చింది.

ఒకసారి వాపు తగ్గిన చనుకట్టు మళ్లీ పాలిస్తుందా?
పాల కణాలు ఎన్ని మిగిలాయన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మొదటి రోజే చికిత్స మొదలైతే చాలావరకు తిరిగి వస్తాయి. గట్టిపడి పీచు కట్టిన భాగం మాత్రం కోలుకోదు.

గుర్తుంచుకోవాల్సినవి

వాపు జబ్బు కాదు, లోపల జబ్బు ఉందని శరీరం చెప్పే మాట. వాపు కలిగించే కినిన్లు సెకన్లలో నశిస్తాయి. వాపు, వేడి నిలిచి ఉన్నాయంటే కారణం లోపల ఇంకా ఉన్నట్టే. రోజూ చేత్తో పొదుగు చూడటం, పదిహేను రోజులకోసారి సర్ఫు పరీక్ష, పితికాక అయోడిన్‌లో ముంచడం ఖర్చు తక్కువ పనులు. అనుమానం వచ్చిన పూటే డాక్టరును పిలవాలి, మందు వేయకముందే పాల నమూనా తీయాలి, సూక్ష్మజీవికీ వాపుకూ రెండింటికీ చికిత్స చేయించి, చెప్పినన్ని రోజులూ పూర్తిచేయాలి.